ధరమ్ కాంటా మీద డెబ్బై కిలోలు

నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేని మనిషిని. ఈ మాట ముందే ఒప్పుకుంటే తర్వాత ఎవరూ నిలదీయరని ఆశ. మా ఇంట్లో నేను "బయట వాన పడుతోంది" అంటే, మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుని గానీ ఆరేసిన బట్టలు తీయదు. పిల్లిని చూస్తే పులి అంటాను. అది కాస్త లావుగా ఉంటే రెండు పులులంటాను. కాబట్టి ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పబోయేదాంట్లో లారీలను సగానికి, ఎలుకలను పావుకి తగ్గించుకుని చదవండి.

నా పని చెప్పుకోవడానికి చాలా గొప్పది. యంత్రాలు చెప్పే మాటలను కంప్యూటరుకు వినిపించి, దాని చేత రాయించడం. పప్పుమిల్లులోని యంత్రమైనా, సిమెంటు ఫ్యాక్టరీ యంత్రమైనా, లారీలు తూచే కాంటా అయినా, వెనకాల ఒక తీగ తగిలించే చోటుంటుంది. ఆ తీగ మీద అంకెలు చీమలబారులా ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. యంత్రం ఎంత వేగంగా చెబుతుందో కంప్యూటరు అంతే వేగంగా వినాలి. వేగం కలవకపోతే, ఒకడు దక్కనీలో గడగడా చెప్పిన లెక్కను ఇంకొకడు కన్నడంలో నిదానంగా రాసుకున్నట్టుంటుంది. తెర నిండా పిచ్చిగీతలే. ఆ పిచ్చిగీతలను అంకెలుగా మార్చడం నా బతుకు. ఇల్లు వికారాబాదులో, పని తాండూరులో, మధ్యన ప్యాసింజరు బండి. మోకాళ్లు మొరాయించి పని మానేసే నాటికి ఆ రెండు ఊళ్ల మధ్య కాంటాల కింద నేను దూరని గుంత లేదు.

తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే దారిలో ఒక ప్రైవేటు ధరమ్ కాంటా ఉండేది. లారీ ఎక్కి నిలబడేంత ఇనుప పలక, పక్కన రేకుల గది. నాపరాళ్ల లారీలు, కందుల లారీలు, సున్నపురాయి టిప్పర్లు అన్నీ అక్కడే తూగేవి. కందులు వచ్చే కాలంలో లారీల వరుస తోక కర్ణాటకలో ఉండేది. చివరి లారీ డ్రైవరు కన్నడంలో తిట్లు మొదలుపెడితే, కాంటా దగ్గరికి వచ్చేసరికి అవి తెలుగు నేర్చుకునేవి.

ఆ కాంటాకు పెద్దదిక్కు చాచా. డ్రైవర్లకు, హమాలీలకు, హైదరాబాదులో ఉండే కాంటా యజమాని సేటుకు, ఆ రేకుల గదిలో కాపురమున్న ఎలుకలకు, అందరికీ ఆయన చాచాయే. తెల్లగడ్డం, మోకాళ్ల దాకా లాల్చీ, చేతిలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. వయసులో ఉండగా బండల పాలిషింగు యూనిట్లో రాయి కోసేవాడట. తర్వాత కాంటాకు వచ్చి, ఇక అక్కడే ఉండిపోయాడు. పాత కాలపు ఇనుప దండె కాంటా ఉన్నప్పటి నుంచీ ఆయనకొక ఆచారం. పొద్దున్నే బిస్మిల్లా అని తాళం తీసి, మొదటి లారీ కంటే ముందు తానే ఖాళీ పలక మీదికి ఎక్కి నడిమధ్యన నిలబడేవాడు. కిటికీలో ఉన్న, బరువు చూపే ఇండికేటరు డెబ్బై చూపించాలి. చూపిస్తేనే ఆ రోజుకు కాంటా తెరిచినట్టు.

"లారీ ఎక్కితే ఏ కాంటా అయిన జెప్తది సాబ్," అనేవాడు నాతో. "మనిషి ఎక్కిండని తెలుస్తదా లేదా, గది జూడాలె. మనిషిని గుర్తుపట్టని కాంటా హరామ్."

లారీ తూగగానే కిటికీలోంచి మెడ బయటపెట్టి బరువును కేకవేయడం కూడా ఆయన పనే. అమ్మినవాడికి, కొన్నవాడికి, డ్రైవరుకు ముగ్గురికీ ఒకేసారి వినబడాలి. వినబడ్డాక ఇక మారదు. ఆ కేక కోసం కరణ్‌కోట క్వారీల్లో పేలుళ్లు కాసేపు ఆపేవారు.

అలాంటి చోటికి నేను కంప్యూటరు పట్టుకుని వెళ్లాను.

మొదటి రోజే పరువు పోయింది. ఆ ఇండికేటరు అంకెలను తోక నుంచి తల వైపు పంపే రకమని నాకు తెలియదు. నాపరాళ్లతో మూలుగుతూ కర్ణాటకలోని సేడం పోయే పెద్ద లారీ నా తెర మీద ఆటో కంటే కాస్త బరువుగా తేలింది. డ్రైవరు తెర చూసి, "సార్, దీన్ని నెత్తిన పెట్టుకొని సేడం దాక ఉరుకుదునా?" అన్నాడు. అంకెలను తిరగేసి చదువుకునేలా ప్రోగ్రాం మార్చాక అంతా సర్దుకుంది. బరువు కదలకుండా నిలిచిన మరుక్షణం కంప్యూటరు దానంతట అదే రాసుకునేది, చీటీ అచ్చువేసేది, హైదరాబాదులో సేటు ఫోనుకు పంపేది. చీటీలు చింపి ఇవ్వడానికి యాలాల నుంచి ఒక అమ్మాయి బస్సులో వచ్చేది. నోటికి తాళం లేని పిల్ల.

అంటే ఇక చేత్తో చీటీ రాయనక్కర్లేదు, కేక వేయనక్కర్లేదు. ఆ మాట సేటుకు నాకంటే ముందే తోచింది.

సేటు గొంతుకు ఫోను దండగ. ఆయన హైదరాబాదులో నోరు తెరిస్తే నవాబుపేటలో బర్రెలు తాళ్లు తెంచుకునేవి. "ఏమయ్యా ఇంజనీరూ, అంతా మిషనే చేస్తుంటే మరి ముసలాయన ఎందుకు? చాచాకు సలాం జెప్పేద్దామా?"

ఫోను బల్ల మీద ఉంది. చాచా పక్కనే ఉన్నాడు. విననట్టుగా టీ గ్లాసు పట్టుకుని బయటికి నడిచాడు.

నా జబ్బు ఒకరికి పనికొచ్చింది అప్పుడే. "సేటూ, తాను సరిగ్గా ఉన్నానో లేదో మిషనుకు తెలియదు. రోజూ పొద్దున్నే మారని బరువొకటి దానికి చూపించాలి. జర్మనీలో ఇందుకోసం ప్రత్యేకంగా మనుషులను పోషిస్తారు. మీగడ కూడా తిననివ్వరు, బరువు మారుతుందని. మనకు చాచా ఉన్నాడు. ఏళ్ల తరబడి డెబ్బై. ఆయన ఎక్కకపోతే ప్రోగ్రాం లేవదు."

సేటు ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. "జర్మనీలనా?"

"జర్మనీలోనే."

ఆ సాయంత్రమే ఆ అబద్ధాన్ని నిజం చేశాను. పొద్దున మొదట ఒక మనిషి బరువు వస్తే తప్ప లారీలను రాసుకోకుండా ప్రోగ్రాంలో రెండు వరుసలు చేర్చాను. చాచా నౌకరీ నిలబడింది. జర్మనీ సంగతి అమ్మాయి ఆయనకు చేరవేసింది. ఇక డ్రైవర్లకు ఆయన బాధ ఇంతా అంతా కాదు. "నేను ఎక్కంది కంప్యూటర్ లేవదు, తెలుసా? సర్కారీ బాటు కన్న పక్కా నేను!" బాటు అంటే తూకపురాయి. కేక పోయినా ఆయనకు ఆ బాటు ఉద్యోగం మిగిలింది. దాన్ని ఆయన నెత్తిన పెట్టుకున్నాడు.

రెండు కందుల కాలాలు అలా గడిచాయి. సేటు ఫోనులో రోజూ మొదటి వరుస డెబ్బై. తర్వాతే లారీలు.

ఒక పొద్దున అరవై వచ్చింది.

నవాబుపేట బర్రెలు లేచాయి. "ఇంజనీరూ! పది కిలోలు ఏడబోయినయ్? ఒక్క మనిషి మీద పది తింటే లారీ మీద ఎంత తింటదయ్యా నీ మిషను?"

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. లారీల కాంటా పదుల్లోనే మాట్లాడుతుంది. అరవై నాలుగు కిలోలుంటే అరవై అంటుంది, అరవై అయిదు దాటితే డెబ్బై అంటుంది. కాబట్టి నిజంగా పది తగ్గాలని లేదు, గీత దాటడానికి కిలో రెండు కిలోలు చాలు. ఇది నా వృత్తి, నాకు తెలుసు. అయినా నేను చూసింది ఇనుము వైపే. అందరం అటే చూశాం. ఆయన బరువే మాకు కొలత. కొలత తగ్గుతుందని ఎవరికీ తోచలేదు. కాంటా తప్పిందన్నాం.

చాచా కూడా అదే అన్నాడు, కాస్త నొచ్చుకుని. "నేను గదే మనిషిని సాబ్. నీ తీగ ఏడనో జారింది, జూడు."

గుంతలోకి దిగాను. పలక కింద మనిషి బోర్లా పాకేంత జాగా. ఎలుకలు నన్ను చూసి పక్కకు జరగలేదు, నేనే జరిగాను. తీగలన్నీ కలిసే డబ్బా విప్పితే లోపల చీమలు రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాయి. తుడిచాను, బిగించాను, తీగ మార్చాను, చేతులు కోసుకున్నాను. చాచా గుంత అంచున గొడుగు పట్టుకుని కూర్చుని, దగ్గుతూ, "పైలంగ సాబ్, తేళ్లుంటయ్," అంటూ ఉన్నాడు.

"చాచా, దవాఖానకు పోరాదు?" అని అమ్మాయి కిటికీలోంచి అరిచింది. "దగ్గి దగ్గి సావగొడుతున్నవ్."

"దుమ్ము బిడ్డా. తాండూర్ల దగ్గనోడు ఎవ్వడన్న ఉన్నడా?"

మర్నాడు డెబ్బై వచ్చింది. సేటు నన్ను మెచ్చుకున్నాడు. ఆ వారం వికారాబాదు స్టేషన్లో టీ తాగిన ప్రతివాడికీ నేను భూమ్యాకర్షణను రిపేరు చేసిన సంగతి తెలిసిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ అరవై. మళ్లీ గుంత, మళ్లీ ఎలుకలు, మర్నాడు మళ్లీ డెబ్బై. ఇంకొన్నాళ్లకు ఇంకోసారి. నేను గుంతలోకి దిగితే చాలు, కాంటా దానంతట అదే బాగవుతుందని పేరొచ్చింది. పక్క కాంటాలవాళ్లు కూడా పిలవసాగారు. నేను జేబులో దువ్వెన పెట్టుకు తిరిగే రోజులవి.

చాచా టిఫిన్ డబ్బాను ఇదివరకు కిటికీలో పెట్టి కాంటా ఎక్కేవాడు. ఇప్పుడు చేత్తో పట్టుకునే ఎక్కుతున్నాడు. అది నేను గమనించాను. గమనించి, ముసలాయనకు ఎలుకల భయం పట్టుకుందని నవ్వుకున్నాను.

"డబ్బల ఏం దెస్తున్నవ్ చాచా? ఒక్కనాడు గూడ మాకు పెట్టవు," అనేది అమ్మాయి.

"బోటీ కూర బిడ్డా. నువ్ తినవు."

"నేను తిననని నీకెవరు జెప్పిండ్రు?"

ఆయన నవ్వి, మధ్యాహ్నం డబ్బా పట్టుకుని దూరంగా తుమ్మచెట్టు కిందికి వెళ్లి, మాకు వీపు పెట్టి కూర్చునేవాడు.

ఇంతలో కాంటాకు ప్రభుత్వ ముద్ర వేసే రోజు వచ్చింది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఒక బండి నిండా ఇనుప బాట్లు వేసుకుని వచ్చాడు. సేటు కూడా తెల్లకారులో దిగాడు. హమాలీలు బాట్లు మోసుకొచ్చి పలక మధ్యన పేర్చారు, తీసి నాలుగు మూలలా పేర్చారు. ప్రతిసారీ ఎంత పెడితే అంతే. నా తెర మీదా అంతే. ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకుని, "భేషుగ్గా ఉంది. ఏ లోపమూ లేదు," అన్నాడు.

"మరి మా చాచా ఎక్కితే ఒక్కోసారి తక్కువ జూపెడుతదేంది సార్?" అన్నాడు సేటు.

"ఏదీ, ఎక్కమనండి చూద్దాం."

చాచా ఎక్కాడు. డెబ్బై. సేటు నా వైపు గర్వంగా చూశాడు. నేను దువ్వెన తీయబోయాను.

"డబ్బా కింద పెట్టండి పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు మామూలుగా.

"ఉండనీయుండ్రి సాబ్. నా నాష్తా."

"ఇటియ్యి చాచా, నేను పట్టుకుంట. బోటీ కూర నేనేం తినను," అంటూ అమ్మాయి చొరవగా పలక మీదికి పోయి డబ్బా అందుకుంది. ఆ బరువుకు ఆమె చెయ్యి ఒక్కసారిగా కిందికి వాలింది. పట్టు జారి డబ్బా ఇనుము మీద పడింది, గిన్నెలు విడిపోయాయి. మూడు గిన్నెల్లోనూ నాపరాయి ముక్కలు. గిన్నెకు తగ్గట్టు అంచులు గుండ్రంగా అరగదీసినవి. రాయి కోసిన చేతులు కదా. మెతుకు కూడా లేదు.

చాచా ఆ గిన్నెలను చూశాడు. తర్వాత లాల్చీకి ఉన్న రెండు జేబుల్లో చేతులు పెట్టి ఇంకొన్ని ముక్కలు తీశాడు. వంగి, ఒక్కొక్కటీ తీసుకెళ్లి పలక బయట సర్కారు బాట్ల పక్కన వరుసగా పెట్టాడు. అమ్మాయి గిన్నెలు ఏరుకుని పక్కకు జరిగింది. ఆయన తిరిగి నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"నా బాట్లు గూడ జూడుండ్రి సాబ్," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ముద్ర గుద్దుతరా?"

ఇండికేటరు యాభై చూపిస్తోంది.

అప్పుడు మేమందరం ఇండికేటరును వదిలేసి ఆయనను చూశాం. లాల్చీ కొక్కేనికి తగిలించినట్టుంది. మెడ దగ్గర ఎముకల మధ్య నీళ్లు పోస్తే నిలిచేటంత గుంత. ఇది పెంచి చెబుతున్నది కాదు.

"ఎందుకు చాచా?" అన్నాను.

"మొదలు నేను గూడ మిషనే తప్పనుకున్న. నువ్ గుంతల పొర్లి, చేతులు కోసుకొని బయటకొస్తివి. తీగలన్ని మంచిగనే ఉన్నయని నీ మొఖం జూస్తె ఎరుకైంది. నాకా తిన్నది కడుపుల నిలుస్తలేదాయె. మర్నాడు గూడ అరవై వస్తె సేటు నిన్నే అంటడు గద. పిల్లగాని పేరెందుకు ఖరాబ్ జేసుడని రెండు ముక్కలు ఏసుకున్న. ఒక్కసారి ఏసుకున్నంక ఇడుసుడు ఎట్ల?"

అప్పటికి నాకు నలభై దాటాయి. ఆయనకు నేను పిల్లగాణ్ణి.

"నౌకరీ కోసం గాదా?" అంది అమ్మాయి ఏడుస్తూ, కోపంగా.

"గదీ ఉన్నది బిడ్డా. అబద్ధమెందుకు."

సేటు వెళ్లి కారు తలుపు తన చేత్తోనే తీసి పట్టుకున్నాడు. "రా చాచా," అన్నాడు. పక్కనే ఉన్న నాకే ఆ మాట సరిగ్గా వినబడలేదు.

వికారాబాదులో అనంతగిరి గుట్ట మీది ఛాతీ దవాఖానలో చేర్పించాం. వయసులో పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుని ఉందని, దాని మీద క్షయ వచ్చి కూర్చుందని, బాగా ఆలస్యమైందని డాక్టరమ్మ చెప్పింది. నేను తాండూరు బండి దిగగానే గుట్టకు పోయేవాణ్ని. ఆయన నా ఆరోగ్యం అడిగేవాడు, తర్వాత కాంటా ఆరోగ్యం.

"పొద్దున ఎవరు ఎక్కుతుండ్రు?"

"అమ్మాయి."

"ఎంత జూపెడుతుంది?"

"యాభై."

"దానికి జర తినుమని జెప్పు. నడిమిట్ల నిలబడుమను, మూలకు గాదు." కాసేపు ఆయాసపడి, "సాబ్, జర్మనీల గిట్ల బాటు అరిగిపోతే ఏం జేస్తరు?" అన్నాడు.

"కరగబోసి కొత్తది చేస్తారు చాచా."

"మస్తు అబద్ధాలు జెప్తవ్ నువ్వు," అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి జారింది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది.

వానలు వెనకబట్టాక చాచా గుట్ట దిగాడు. పొద్దుటి ప్యాసింజరులో నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని, దారి పొడుగునా పల్లీలు తింటూ తాండూరు వచ్చాడు. కొత్త లాల్చీ, జేబులు ఖాళీ. నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు. ఇండికేటరు అరవై దగ్గర కాస్త తటపటాయించి డెబ్బైకి ఎక్కింది. సేడం డ్రైవరు హారను కొట్టాడు, వెనకున్న లారీలన్నీ అందుకున్నాయి. చాచా దిగి గదిలోకి వెళ్లి, కిటికీలోంచి మెడ బయటపెట్టి, తన బరువును తానే కేకేశాడు. "సత్తర్!" ఉర్దూలో డెబ్బై. అమ్మాయి డబ్బా మూత తీసి చూసింది. బోటీ కూర.

మీకు నేనొక మాట బాకీ. లారీల వరుస కర్ణాటక దాకా పోయేది కాదు, రైలు గేటు దాకా పోయేది. ఎలుకలు మామూలు ఎలుకలు. క్వారీలో ఎవరి కేక కోసమూ పేలుళ్లు ఆపలేదు. జర్మనీ అబద్ధం మాత్రం నిజంగానే చెప్పాను. రాళ్లు నిజం, ఆ గిన్నెలు నిజం, ఆయన చెప్పిన కారణం మాటకు మాట నిజం.

పూర్తిగా నేను అల్లింది ఒక్కటే. పైన ఆయన గుట్ట దిగిన పొద్దు.

చాచా తన కాళ్ల మీద గుట్ట దిగలేదు. మేమే దించి తీసుకొచ్చాం. కబ్రస్తానుకు ఆ దారినే పోవాలి. కాంటా ముందుకు రాగానే ఎవరూ చెప్పకుండానే అందరం కాసేపు నిలబడ్డాం. లారీలు వాటంతట అవి పక్కకు తీసి ఆపుకున్నాయి. అమ్మాయి ఆ రోజు కాంటా ఎక్కలేదు. ఇంకెవరూ ఎక్కలేదు. కిటికీలో ఇండికేటరు పొద్దంతా సున్నా చూపిస్తూనే ఉంది. సున్నాను రాసుకోవడం నా ప్రోగ్రాంకు నేను నేర్పలేదు. అందువల్ల ఆ రోజుకు అందులో ఒక్క వరుస కూడా లేదు.